పేకోస్ రేవున ఒక ఊరు

స్పానిషు భాషలో 'వాదో' అనగా నదిలో నీరు పలుచబడి, మనుష్యులు మోకాలిబంటి నీటిలో నడచియు, బండ్లు ఇరుసు మునుగకయు దాటుటకు వీలైన చోటు. మన పల్లెలలో 'రేవు' అనెడి మాట దానికి చాలవఱకు సరిపోవును. న్యూ మెక్సికో రాష్ట్రమునకు రాజధానియైన సాంతా ఫే నగరమునుండి ఆగ్నేయముగా సుమారు 45 మైళ్ళు పోయినచో, పేకోస్ నది యెఱ్ఱని బండగట్ల నడుమ వంకరలు తిరుగుచు పాఱుచున్న తావున, ఆ రేవు పేరనే వెలసిన సాన్ మిగెల్ దెల్ వాదో అను గ్రామము కలదు. దానిని చూచుటకై పనిగట్టుకొని పోవువారు నేడు అరుదు. ఐనను నేను అమెరికాలో కాలు మోపుటకు ముందే ఆ యూరి పేరు నాకు పరిచితము. దానికి కారణము మా తాతగారు.

మా తాతగారు అనంతపురము జిల్లాలో ఒక చిన్న గ్రామమునకు కరణము. ఆయన వ్రాసిన పాత దస్తావేజులలో తూర్పునకు వంక, దక్షిణమునకు గుట్ట, పడమటికి బండ్లబాట, ఉత్తరమునకు చింతమాను అని చెక్కుబందీ వ్రాసియుండుటను బాల్యమున చదివి, కాగితముమీది నాలుగు మాటలు నేలమీది ఒక బ్రతుకునంతటిని ఎట్లు పట్టి నిలుపుచున్నవో యని ఆశ్చర్యపడెడివాడను. ఎన్నో యేండ్లు గడచిన పిమ్మట, 1794లో స్పెయిను రాజు పేర ఈ గ్రామమునకు ఇయ్యబడిన దానపత్రపు చెక్కుబందీ ఒక చరిత్రగ్రంథమున కంటబడగా, అచ్చముగా మా తాతగారి చేతివ్రాత చదివినట్లే తోచెను. ఆ నాలుగు హద్దులు తరువాతి నూఱేండ్లలో ఏమైపోయెనో తెలిసికొన్నప్పుడు, ఆ నేలను ఒకమాఱు కన్నులార చూడవలెనను కోరిక నన్ను విడువలేదు.

మార్చి నెల చివరను, ఆల్బుకర్కీ నగరమున ఇంజనీరుగానున్న మా మేనల్లుడు సెలవు పెట్టి నన్ను కారులో వెంటబెట్టుకొని బయలుదేరెను. సాంతా ఫే దాటిన తరువాత దారి పైన్ చెట్లతో నిండిన గుట్టల నడుమ గ్లోరియెతా కనుమ నెక్కి దిగును. పడమట రియో గ్రాందే నదీలోయకును, తూర్పున కనుచూపుమేర అలలవలె సాగిపోవు గడ్డిమైదానములకును ఈ కనుమ ద్వారబంధము వంటిది. ఆ ద్వారపు గడపమీద కూర్చున్నట్లు పేకోస్ ప్వెబ్లో అను పాత ఇండియనుల ఊరి శిథిలములు కలవు. సాన్ మిగెల్ కథ నిజముగా ఇచటనే మొదలగుచున్నది గావున, ముందుగా అచట దిగితిమి.

1540లో కొరొనాదో అను స్పానిషు సేనాని దండు ఈ ప్రాంతమునకు వచ్చునాటికి పేకోస్ ప్వెబ్లో అంతస్తులపై అంతస్తులు కట్టిన యిండ్లతో, సుమారు రెండువేల జనముతో, ఆ దేశమున బలవత్తరమైన పట్టణములలో ఒకటి. మైదానములలో అడవిదున్నలను వేటాడువారు తోళ్ళును, ఎండు మాంసమును తెచ్చి, లోయలలో మొక్కజొన్న పండించువారితో ఇచటనే మారకము చేసికొనెడివారు. తరువాత ఫ్రాన్సిస్కను సన్న్యాసులు వచ్చిరి. గొప్ప చర్చి కట్టించిరి. 1680లో ప్వెబ్లో జనులందఱును తిరుగబడినప్పుడు అది నేలమట్టమయ్యెను. పిమ్మట దాని పునాదుల నడుమనే మఱియొక చర్చి లేచెను. ఎఱ్ఱని పచ్చియిటుకలతో కట్టిన ఆ రెండవ చర్చి గోడలు నేటికిని ఆకాశమును కోయుచు నిలిచియున్నవి. కాని పేకోస్ జనము అప్పటికే క్షీణదశలో పడినది. మైదానపు జాతివారైన కొమాంచీల దాడులు ఒకప్రక్క, మశూచి మఱియొకప్రక్క ఊరిని తినివేయగా, పదునెనిమిదవ శతాబ్ది ముగియుసరికి ఆ మహాగృహములలో సగమునకు మించి పాడుపడినవి. మిగిలిన కొద్దిమంది 1838లో తమ పవిత్రవస్తువులను వెంటగొని, పడమటనున్న తమ భాషాబంధువులైన హేమెస్ ప్వెబ్లోవారిని చేరిరి.

ఆ కొండమీద నిలిచి దక్షిణముగా చూచిన, నది దిగువకు పోవు లోయ స్పష్టముగా కనబడును. స్పెయిను ప్రభుత్వమువారు చిరకాలము ఆ లోయలో ఊరు నిలుపుటకు సాహసింపలేకపోయిరి. మాద్రిదు నగరములోని పటములమీద రాజ్యము ఎంత దూరమైనను వ్యాపించియుండవచ్చును. ఇచట మాత్రము మనుష్యులు ఎంతవఱకు నిలిచి ఒక పంట ఇల్లు చేర్చగలరో అంతవఱకే రాజ్యము. 1779లో హువాన్ బౌతిస్తా దె ఆన్సా అను గవర్నరు కొమాంచీల నాయకుడైన క్వెర్నో వెర్దెను యుద్ధమున వధించెను. కాని శాశ్వతమైన ఫలమునిచ్చినది ఆ విజయముకాక, ఏడేండ్ల తరువాత, 1786 ఫిబ్రవరిలో, ఎక్వెరాకాపా అను కొమాంచీ నాయకునితో ఈ పేకోస్‌లోనే ఆయన చేసికొన్న సంధి. కొమాంచీలు నేలలో గుంట త్రవ్వి, మరల పూడ్చి, యుద్ధమును పాతిపెట్టినట్లు చూపిరట. ఆ పూడ్చిన గుంట ఎక్కడనున్నదో నేడు చూపువారు లేరు. కాని ఆ సంధి సుమారు ఒక తరముకన్న నెక్కువ కాలము నిలిచెను. అది నిలిచినందుననే ఈ లోయలో గింజ చల్లుటకు మనుష్యులకు ధైర్యము వచ్చెను.

ఎవరా మనుష్యులు? ఈ ప్రశ్నవద్ద కొంచెము నిలువవలెను. ఏలనన సాన్ మిగెల్ చరిత్రలో నా హృదయమును ఎక్కువగా తాకిన భాగమిదియే. మైదానపు జాతులు ఒకరినొకరు కొల్లగొట్టి పట్టుకొన్న పిల్లలను, స్త్రీలను సంతలకు తెచ్చి అమ్మెడివారు. స్పానిషు గృహస్థులు వారిని 'విడిపించుట' అను పేర కొని, జ్ఞానస్నాన మిప్పించి, తమ యిండ్లలో చాకిరికి ఉంచుకొనెడివారు. విడిపించిన వెలకు సరిపడు సేవ ముగిసిన తరువాత వారు స్వతంత్రులే. కాని తల్లిభాష మఱచిరి, తమ జాతికి తిరిగి పోలేరు, స్పానిషువారితో సమానులు కారు, సెంటు భూమి లేదు. అపాచీ, కొమాంచీ, కయోవా, పానీ, నవహో మొదలైన అనేక జాతుల రక్తము కలిసిన ఈ జనులను హెనీసరోలనిరి; తురుష్క సుల్తానుల సైన్యమున బాల్యమునుండి పెంచబడిన పరదేశ యోధులకున్న పేరే స్పానిషులో ఈ రూపము దాల్చినది. సాంతా ఫే నగరమున నదికి ఆవలి యొడ్డున అనాల్కో అను వాడలో వారు తఱుచు నివసించెడివారు. యుద్ధము వచ్చినప్పుడు వారిని ముందు నిలుపుదురు. భూమి పంచునప్పుడు వారిని తలచువారు లేరు.

1794లో లొరెంసో మార్కెస్ అను సాంతా ఫే నివాసి, తన పక్షమునను మఱి 51 మంది పక్షమునను గవర్నరు ఫెర్నాందో చకోన్‌కు ఒక అర్జీ పెట్టెను. తమకు కుటుంబములు పెద్దవి, ఉన్న కొద్దిపాటి నేలలకు నీరు చాలదు, జనము పెరిగినది, కావున పేకోస్ నదిమీది వాదో వద్ద ఖాళీగానున్న నేలను తమకు దయచేయుడని కోరెను. ఆ 52 మందిలో 13 మంది ఇండియను కులజులైన హెనీసరోలు. అందఱి నడుమ తుపాకులు 25. అనగా ఇద్దఱికి ఒక తుపాకియైనను లేని జనము, రాజ్యపు తుది అంచున, కోటవలె కట్టిన చతురస్రపు ఊరిలో కాపురముండెదమని మాట యిచ్చుచున్నారు. ఇంత తెగువకు మూలము వీరత్వమని చరిత్రకారులు కొందఱు వ్రాయుదురు. నా మట్టుకు నాకు, భూమి లేనివాని కడుపులోని మంటయే ఇందు ఎక్కువగా కనబడుచున్నది.

నవంబరు 25వ తేదీన గవర్నరు దానము మంజూరు చేసెను. దానికి పెట్టిన షరతులు చదువదగినవి. మొదటిది: ఈ నేల యావత్తు ఉమ్మడి, ఇప్పుడు వచ్చినవారికే కాక, ఇకమీద వచ్చి చేరువారికిని ఉమ్మడి. రెండవది: ప్రతివాడును ఆయుధము కలిగి తనిఖీకి నిలువవలెను, మొదట విల్లమ్ములతోనైనను సరియే, రెండేండ్లు గడచునప్పటికి తుపాకి లేనివానిని వెడలగొట్టవలెను. కోటగోడల ఊరు పూర్తియగువఱకు పేకోస్ ప్వెబ్లోలోని ఖాళీ యిండ్లలో ఉండవలెను. ఊరు కట్టుట, కాలువ త్రవ్వుట, సమస్తమైన ఊరుమ్మడి పనులు అందఱును ఐకమత్యముతో చేయవలెను. మఱునాడు సాంతా ఫే అల్కాల్దే, అనగా న్యాయాధికారి, యైన అంతోనియో హోసే ఓర్తిస్ వారిని వెంటగొని వచ్చి నేలను స్వాధీనపఱచెను. ఇట్టి సమయమున గడ్డి పెఱికి గాలిలోనికి ఎగురవైచి, రాళ్ళు విసరి, రాజునకు జయము పలుకుట ఆనాటి ఆచారము.

ఇక చెక్కుబందీ: ఉత్తరమున ఆవుయేరు, 'ఇండియనుల విడిది' అను చోటు మొదలు 'వేడినీళ్ళు' అను చోటివఱకు, దక్షిణమున తెల్ల కనుమ, తూర్పున మెరకదారియు, బెర్నాల్ గుట్టలును, పడమట 'పురుగు' అను పేరుగల తావు. స్పానిషులో ఎల్ గుసానో అను ఈ చివరి పేరు చదివినప్పుడు నేను బాల్యమున చదివిన మా యూరి 'తేలుకుంట' జ్ఞప్తికి వచ్చెను. ఈ పేర్లలో ఒకటి నిలిచి ఆలోచింపదగినది. ఎవరో ఇండియనులు గుడారములు వేసికొనెడి చోటే ఊరికి హద్దుగా వ్రాయబడినది. కావున ఖాళీయని చెప్పబడిన నేల నిజముగా ఎన్నడును ఖాళీగా లేదు. పేకోస్ జనులు వేటకు, అపాచీలు విడిదికి వాడుకొన్న నేలయే ఇది. భూమిలేని దీనులకు భూమి దొరకుట చూచి సంతోషించు మనస్సు, ఆ భూమి ఎవరి చేతినుండి జారినదో మఱచుట న్యాయము కాదు.

శిథిలములను విడిచి సుమారు 20 మైళ్ళు దిగువకు పోయి, పెద్దరోడ్డు వదలి, లోయలోనికి దిగు చిన్న దారి పట్టితిమి. గట్టుమీదినుండి ఊరు కనబడగానే మా మేనల్లుడు కారు నెమ్మదిపఱచి, "మామయ్యా, మన మిద్దెలలాగే లేవూ!" అనెను. నిజమే. రాయలసీమలో పుట్టినవానికి ఆ యిండ్లు పరాయివిగా తోచవు. మట్టిలో గడ్డి కలిపి తొక్కి అచ్చుపోసి ఎండబెట్టిన పచ్చియిటుకల గోడలు. దూలములమీద దబ్బలు పఱచి, పైన మట్టి కప్పిన చదునైన పైకప్పులు. తరువాతి కాలమున కొన్నింటిమీద తగరపు రేకుల వాలుకప్పులు లేచినవి. కొన్ని గోడలు సగము కఱగి, తిరిగి నేలలో కలియుచున్నవి. ఒక పాడుపడిన యింటి గోడను తాకి చూచితిని. వాన కడిగిన చోట రెండు నూఱేండ్లనాటి గడ్డిపోచలు ఇంకను పసుపువన్నె చెడక ఇటుక అంచున మెఱయుచుండెను. ఒక పోచతోపాటు చిన్న మొక్కజొన్న బెండుముక్క కూడ ఆ మట్టిలో అంటుకొనియుండెను. ఎవని కాలు దానిని ఆ బురదలో త్రొక్కినదో!

ఊరి నడుమ రెండు గంటగోపురములతో సాన్ మిగెల్ చర్చి నిలిచియున్నది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దమున అది నిర్మింపబడినది. చర్చి లేచిన కొలదికాలమునకే పేకోస్‌లో నివసించుచుండిన మతగురువు కూడ తన నివాసమును ఇచటికి మార్చుకొనెను. పాతయూరు క్షీణించి కొత్తయూరు వృద్ధియగుటకు ఇంతకన్న స్పష్టమైన గుర్తు అక్కఱలేదు.

1803 మార్చిలో పేద్రో బౌతిస్తా పీనో అను సాంతా ఫే పెద్దమనిషి, గవర్నరు ఆజ్ఞపై ఇచటికి వచ్చి, సాగునేలను కొలిపించి 58 కుటుంబములకు చీట్లు వేసి పంచియిచ్చెను. కొలతలో మిగిలిన రెండు చెక్కలలో ఒకటి ఊరి న్యాయాధికారికిని, రెండవది ప్రాయశ్చిత్తలోకమునందున్న ఆత్మల కొఱకును విడిచిరి. ఆ రెండవ చెక్కమీది పంటతో ఏడాదికి మూడు పూజలు జరుపవలెనట. పదేండ్లవఱకు ఎవ్వరును తమ వంతు అమ్మరాదనియు కట్టడి చేసిరి. దేవుని మాన్యము, ఊరి మాన్యము మనకును తెలిసినవే. కాని చనిపోయినవారు కూడ ఊరి కాపులతోపాటు ఒక వంతు పొలమునకు హక్కుదారులైన ఈ పంపకము నా మనస్సులో నాటుకొనినది. ఈ పీనోయే పిమ్మట న్యూ మెక్సికో ప్రతినిధిగా స్పెయిను దేశమునకు పోయి, కాదిస్ నగరమున కూడిన సభలో తన ప్రాంతపు దైన్యమును వివరించి, 1812లో దానిని గ్రంథముగా ప్రకటించెను.

చీట్లలో వచ్చినది నది ప్రక్కనున్న సన్నని సాగునేల మాత్రమే. మిగిలిన గుట్టలు, అడవి, బీడు అందఱివి. వంటచెఱకు అచటనుండి, ఇంటి దూలము అచటనుండి, గొఱ్ఱెలకు మేత అచటనుండి రావలెను. ఆస్తిపరులు తమ గొఱ్ఱెలను పేదలకు పాలికిచ్చి, ఏటేట ఇన్ని పిల్లలని తీసికొనెడివారు. ఆ పాలికాపునకు ఉమ్మడి బీడు లేనియెడల బ్రతుకే లేదు. ఊరిలోని సాహసికులు కొందఱు మైదానములలో ఈటెలతో దున్నలను వేటాడు సిబోలెరోలైరి. మఱికొందఱు రొట్టె, పిండి, కత్తులు గాడిదలమీద వేసికొని కొమాంచీల విడిదులకు పోయి, తోళ్ళకును గుఱ్ఱములకును మార్చుకొను కొమాంచెరోలైరి. హెనీసరోలకు ఇందు సహజమైన ప్రజ్ఞ యుండెను. వారి తల్లులు ఆ మైదానముల బిడ్డలే కదా! 1821లో మెక్సికో స్వతంత్రమై, మఱుసటి యేట ప్రభుత్వపు కాగితములలో జాతిభేదములు వ్రాయరాదని శాసించినది. అప్పటినుండి హెనీసరో అను మాట రికార్డులనుండి తొలగిపోయి, అందఱును ఊరి పౌరులుగానే వ్రాయబడిరి. బానిసగా అమ్ముడుపోయిన బిడ్డ మనుమడు భూమిగల గృహస్థుగా చర్చిలో నిలుచుటకు ఈ లోయలో రెండు తరములు చాలినవి.

ఆ 1821వ సంవత్సరపు నవంబరులోనే మిస్సోరీ దేశమునుండి విలియం బెక్‌నెల్ అను వర్తకుడు సరకులతో ఈ రేవు దాటి సాంతా ఫే చేరెను. స్పెయినువారి కాలమున పరదేశ వర్తకులను పట్టి చెఱలో వేయువారు; మెక్సికోవారు ఆదరించిరి. ఇక ఏటేట బండ్ల వరుసలు వచ్చినవి. మైదానమును దాటి వచ్చువారికి మొదట తగులు ఊళ్ళలో ముఖ్యమైనది సాన్ మిగెల్. సుంకపు అధికారులు తనిఖీకి వచ్చునది ఇచటికే. బండ్లు దాటునది ఈ రేవే. తూర్పు చివరయైన ఊరు, ఒక్కసారిగా తూర్పు వాకిలి అయ్యెను. ఊరి బిడ్డలు అంతటితో ఆగక, 1835లో మఱికొంత ఈశాన్యముగా పోయి లాస్ వేగాస్ అను కొత్త గ్రామమును స్థాపించిరి. 1841లో టెక్సాసు దేశపువారు పంపిన దండు దారి తప్పి ఆకలితో అలమటించి లొంగిపోయినప్పుడు, ఆ ఖైదీలలో కొందఱిని ఈ ఊరి వీధిలోనే గవర్నరు మాన్యువెల్ అర్మీహో కాల్పించెను. వారిలో బ్రతికిపోయిన జార్జి విల్కిన్స్ కెండల్ అను పత్రికాసంపాదకుడు తన అనుభవములను 1844లో గ్రంథముగా వ్రాసెను. ఆ వీధిలో నేను నిలిచినప్పుడు ఒక ముసలి కుక్క గోడనీడను నిద్రించుచుండెను. దూరమున ఎవరో కట్టెలు కొట్టుచుండిరి.

1846 ఆగస్టు నెల నడుమ, స్టీఫెన్ కార్నీ అను అమెరికా సేనాపతి సైన్యముతో ఈ రేవు చేరి, ఒక మట్టిమిద్దె యెక్కి నిలిచి, క్రింద కూడిన జనమునకు ప్రసంగము చేసెను: మీరిక మెక్సికో ప్రజలు కారు, మీ మతమునకు, మీ ఆస్తికి భంగము కలుగనీయను. ఊరి అల్కాల్దేచేత ప్రమాణము చేయించెను. కొలది దినములకే సాంతా ఫే ఒక్క తూటా పేలకయే ఆయన వశమయ్యెను. అమెరికా, మెక్సికోల నడుమ జరిగిన 1848 సంధిపత్రమున కూడ ఆస్తి రక్షణ వాగ్దానము మరల వ్రాయబడినది. కాని భూదానములను గూర్చిన పదవ అధికరణమును అమెరికా సెనేటు కొట్టివైచెను. మిద్దెమీద పలికిన మాటకును, కాగితమున మిగిలిన మాటకును నడుమనున్న ఆ ఖాళీలోనే ఈ ఊరి ఉమ్మడినేల పడిపోయినది.

దానపత్రమును పరిశీలింపుడని గ్రామస్థులు అమెరికా సర్వేయరు జనరలునకు అర్జీ పెట్టినది 1857లో. తరువాత నలుబదియేండ్లు గడచినవి. ఆ నడుమ రైలు వచ్చినది. 1879 జూలైలో లాస్ వేగాస్ చేరి, మఱుసటి యేటికి గ్లోరియెతా కనుమ దాటిన ఆ రైలు, ఊరిని తాకక, సమీపమున రిబేరా మీదుగా పోయెను. బండ్లబాట ఒక్క సంవత్సరమున మూగపోయినది. రేవునకు అర్థము పోయినది. రైలుతోపాటు పశువుల కంపెనీలు, ముండ్లతీగెలు వచ్చినవి. నిన్నటివఱకు గొఱ్ఱెలు మేసిన బీడుకు నేడు కంచె. 1889, 1890 సంవత్సరములలో ఈ కౌంటీయందే 'తెల్ల టోపీలు' అను అర్థమిచ్చు లాస్ గోరాస్ బ్లాంకాస్ అనువారు ముసుగులు ధరించి రాత్రులందు గుఱ్ఱములెక్కి, కంచెలు తెంచి, రైలుకట్టకు వేయు దుంగలను నఱికివేసిరి. వారి పద్ధతిని నేను సమర్థింపజాలను. కాని వారి దుఃఖము నాకు తెలియని దుఃఖము కాదు. ఊరి బీడు, ఊరి అడవి ఒకనాటి తెల్లవాఱునప్పటికి సర్కారువారిదో షావుకారిదో యగుట మన పల్లెలును చూచినవే.

1897లో వాషింగ్టనులోని సుప్రీం కోర్టు తుది తీర్పు చెప్పెను. కొలత ప్రకారము ఆ నాలుగు హద్దుల నడుమ నేల మూడు లక్షల పదునైదువేల ఎకరములు. ప్రధాన న్యాయమూర్తి మెల్విల్ ఫుల్లర్ వ్రాసిన తీర్పు సారాంశమిది: స్పెయిను శాసనముల ప్రకారము, విడివిడిగా పంచి యియ్యని నేలపై స్వామ్యము రాజునందే నిలిచియుండెను, రాజునుండి మెక్సికోకు, మెక్సికోనుండి అమెరికాకు సంక్రమించినది, గ్రామస్థులకు చెందునది వారి యిండ్ల స్థలములు, చీట్లు వేసి పంచుకొన్న సాగునేల మాత్రమే. తరువాత కొలిచి యిచ్చినది ఐదువేల ఎకరములకు కొంచెము ఎక్కువ. అఱువదింట ఒక పాలు!

తీర్పును నేను పలుమాఱులు చదివితిని. శాస్త్రరీత్యా దానిలో తర్కము లేదని చెప్పలేను. కాని 1794 నాటి పత్రమున మొదటి షరతే 'ఉమ్మడి' యని వ్రాసినవాడును, దానిని చేతులొడ్డి పుచ్చుకొన్నవాడును ఆ మాటకు 'మనందఱిది' యను అర్థమునే గ్రహించిరి. నూఱేండ్ల తరువాత ఆ మాటకే 'ఎవ్వరిదియు కాదు, కావున ప్రభుత్వముది' యను అర్థము చెప్పబడెను. తమలో తాము పంచుకొని విడివిడిగా వ్రాసికొన్నదెల్ల నిలిచినది. ఇకమీద రాబోవువారికొఱకు పంచక విడిచినదెల్ల పోయినది. ఆశపడి పంచుకొన్నచో దక్కెడిది, ఔదార్యముతో దాచినందున పోయినది. మా తాతగారు బ్రతికియుండి ఈ సంగతి విన్నచో కలము క్రింద పెట్టి చాలసేపు మాటాడకయుండెడివారని నాకు తోచుచున్నది.

బీడు పోయిన పిమ్మట గొఱ్ఱె పోయెను. గొఱ్ఱె పోయిన పిమ్మట మగవారు పోయిరి. రైలుకట్టపని, కొలరాడోలో బీటు పొలములు, గనులు: ఆఱు నెలలు పరదేశము, ఆఱు నెలలు ఇల్లు. ఈ దానపు నేలలోనే, నది దిగువనున్న ఎల్ సెర్రీతో అను చిన్న గ్రామమునకు ఓలెన్ లెనర్డు, చార్లెస్ లూమిస్ అను పరిశోధకులు వచ్చి, ఆ యూరి బ్రతుకును పరిశీలించి, 1941లో ఒక గ్రంథము ప్రకటించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత పోయినవారిలో అనేకులు తిరిగి రాలేదు.

ఐనను ఊరు చావలేదు. ఎందువలన చావలేదో ఆనాటి మధ్యాహ్నము చూచితిమి.

చర్చినుండి నది దిక్కునకు నడచుచుండగా, పారలు భుజముమీద వేసికొని పదునెనిమిది పందొమ్మిదిమంది ఒక ఎండిన కాలువలో వరుసగా నిలిచి పూడిక తీయుచుండిరి. స్పానిషులో దీనిని అసేకియా అందురు; అరబ్బుల భాషనుండి స్పెయినునకు, స్పెయినునుండి ఇచటికి వచ్చిన మాట. ఏటేట వసంతారంభమున, నీరు విడుచుటకు ముందు, పొలముగల ప్రతి యిల్లును తన నీటి వంతుకు తగినన్ని కూలిదినములు ఇచ్చి కాలువను శుభ్రము చేయవలెను. పని చూచువాడు మయోర్దోమో. మన నీరుగంటి వంటివాడు, ఐతే ఏటేట రైతులే ఎన్నుకొందురు. అమెరికా పాలన వచ్చిన తొలి సంవత్సరములలోనే, 1851, 1852లలో, న్యూ మెక్సికో శాసనసభ ఈ కాలువల కట్టుబాటును ఉన్నదున్నట్లు చట్టముగా అంగీకరించెను. ఉమ్మడినేలకు దొరకని రక్షణ ఉమ్మడినీటికి దొరకినది. రాష్ట్రమున నేటికిని సుమారు 700 అసేకియాలు పాఱుచున్నవి.

మయోర్దోమో డెబ్బది యేండ్ల పైబడిన బక్కపలుచని మనిషి. ఒక కఱ్ఱతో గట్టుమీద కొలిచి గీత గీయును. ఆ గీతనుండి ఈ గీతవఱకు ఒకని వంతు. అది ముగియగానే అందఱును ముందుకు జరుగుదురు. మేము నిలిచి చూచుచుండగా, ఎచటనుండి వచ్చితిరని అడిగెను. భారతదేశమని, మా యూళ్ళలోను ఇట్లే కాలువ పూడిక తీయుదురని మా మేనల్లుడు చెప్పగా, ఆయన జేబులోనుండి రబ్బరుబందు చుట్టిన చిన్న నోటుపుస్తకము తీసి నా చేతికిచ్చెను. పెన్సిలుతో వ్రాసిన ఇంటిపేర్లు. ప్రతి పేరు ప్రక్కన నీటి గంటలు, ఇయ్యవలసిన కూలిదినములు, ఇచ్చినవానికి అడ్డగీత. చెమటకు, బురదకు అంచులు నల్లబడినవి. మా తాతగారి అడంగలు పుస్తకము పట్టుకొన్నట్లే యుండెను.

"ఈ అడ్డగీత లేని పేరు ఎవరిది?" అని అడిగితిని.

"ఆమె ఒంటరిది. కొడుకు డెన్వరులో ఉన్నాడు, రాలేకపోయాడు. మనిషినైనా పంపాలి, కూలి డబ్బైనా కట్టాలి. లేకపోతే నీళ్ళు లేవు. చుట్టమైనా అంతే" అనెను, అని కొంచెమాగి, "ఆమె ఈ ఊళ్ళో అందరికంటే పెద్దది" అనెను.

మా మేనల్లుడు నా ముఖము చూచి, "మామయ్యా, ఒక్క గంట ఆగుదామా?" అని, సమాధానమునకు కాచియుండక చొక్కా చేతులు మడచుకొని కాలువలోనికి దిగెను. ఎవరో పార అందించిరి. మయోర్దోమో కఱ్ఱతో గీత గీచి వాని వంతు చూపెను. అలవాటులేని చేతులు, పావుగంటలో అరచేయి బొబ్బలెక్కినది, ఐనను రెండు గీతల నడుమ ఎండుటాకులు, విల్లో వేళ్ళు, ఎఱ్ఱమట్టి అన్నియు తీసి గట్టుమీద పోసి, అడుగు చదునుచేసి, వంతు ముగించెను. నోటుపుస్తకములో ఆ వృద్ధురాలి పేరు ప్రక్కన మయోర్దోమో ఒక అడ్డగీత గీచెను.

పని సాయంకాలమునకు తీరినది. అందఱును ఎగువకు నడచి, నదివద్ద తూము తలుపెత్తిరి. కొండలమీది మంచు కఱగి వచ్చిన చల్లని నీరు, ముందు సన్నగా, పిదప వెడల్పుగా, ఎండుటాకులను, పుల్లలను, మట్టినురుగును తన మొగమున నెట్టుకొనుచు కాలువలోనికి దిగెను. దాని నడక మనిషి మెల్లని నడకకు సరిగానుండెను. పిల్లలతోపాటు మేమును గట్టుమీద దానివెంట నడచితిమి. ఎచటనైన చెత్త అడ్డుపడి నీరు నిలువగానే ఒకడు పారతో దానిని తొలగించును. నీరు మరల కదలును. మా మేనల్లుడు తీసిన వంతువద్దకు రాగానే వాడు నిలిచి, బొబ్బలెక్కిన చేతిని ఒకమాఱు నీటిలో ముంచి తీసెను. చర్చి గోపురముల నీడలు పొలములమీదికి సాగినవి. ఆ వృద్ధురాలి పొలపు మొదట, చిన్న తలుపు వద్ద, ఆమె శాలువ కప్పుకొని నీటికొఱకు నిలిచియుండెను.